ఎదురుచూపుల నివారణ

ఇకమీదట ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ రోగికీ ఒక్క క్షణం కూడా ఎదురుచూసే అవసరం ఉండబోదని ఆరోగ్యమంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. చప్పట్లు ఆగకముందే సూపరింటెండెంటుగారు వరండాలో బెంచీలన్నీ తీయించేశారు. కూర్చోవడానికి చోటుంటేనే కదా జనానికి ఎదురుచూడాలనే దుర్బుద్ధి పుట్టేది! బెంచీలు పోయాక జనం నిలబడ్డారు. నిలబడటం కూడా ఎదురుచూపు కిందికే వస్తుందని ఆ మహానుభావుడు టీ తాగుతూ కనిపెట్టారు. అప్పట్నుంచీ రోగులంతా ఆసుపత్రి చుట్టూ నడుస్తున్నారు.

ఈ సంస్కరణ సంగతి తెలియని ఓ తల్లి, జ్వరంతో కాలిపోతున్న ఏడాది పిల్లను భుజాన వేసుకుని, అత్తగారిని తోడు తెచ్చుకుని గేటు దాటింది. పిల్ల పాలు ముట్టలేదు. ఏడవడం కూడా మానేసింది. ఆ ఏడవకపోవడమే తల్లి గుండెల్లో రాయి పడేసింది.

"అన్నా, డాక్టరుగారి గదెక్కడ?"

"ఆగి అడక్కమ్మా, నడుస్తూ అడుగు!" గార్డు విజిల్ ఊదాడు.

"పిల్లకి జ్వరమన్నా..."

"జ్వరం పిల్లకేగా, కాళ్లకి కాదుగా. పద పద."

వాళ్లు కలిసిన వరస, మందుల కిటికీ, జనరేటర్ షెడ్డు, దుప్పట్లు ఆరేసే చోటు దాటి మళ్లీ మందుల కిటికీ దగ్గరికే వచ్చింది. "మీ మామయ్య కూడా నన్నింత తిప్పలేదే తల్లీ" అని మోకాళ్లు పట్టుకుంది అత్తగారు.

"మీకేం జబ్బండీ?" ముందు నడుస్తున్నావిడను అడిగింది తల్లి.

"నాకేం లేదమ్మా. నేను డాక్టర్ని. గది తాళం కోసం గుమ్మంలో కాసేపు నిలబడ్డానని వరసలోకి తోసేశారు."

"మరి మీ గది?"

"ఎదురుచూపుల నివారణ విభాగానికి ఇచ్చేశారు. ఆఫీసర్లు లోపల గడియపెట్టుకుని పనిచేసుకుంటున్నారు."

గది లేకపోతేనేం, డాక్టరు దొరికిందని తల్లికి ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ వెనక్కి వెనక్కి నడుస్తూనే పిల్ల నోరు తెరిచి చూసింది, వీపుకి స్టెతస్కోపు ఆనించింది. చీటీ రాయడానికి బల్ల లేక అత్తగారిని వంగమని, ఆవిడ వీపుమీద పెట్టి రాసింది.

"అయ్యో, చక్కిలిగింతలు డాక్టరమ్మా!"

"కదలకండి పెద్దమ్మా, మందు మారిపోతుంది. చూడమ్మాయ్, ఇది పట్టించు. గంటలో జ్వరం దిగకపోతే వెంటనే నా దగ్గరికి తీసుకురా."

"ఎక్కడికండీ?"

"ఈ చుట్టూతే ఉంటాను."

కదులుతున్న బస్సులోకి టిఫిన్ క్యారియర్ అందించినట్టు మందులాయన కిటికీలోంచి సీసా అందించాడు. నడుస్తూ పట్టిస్తే పిల్లకి పొలమారుతుందని తల్లికి భయం. చటుక్కున వరసలోంచి తప్పుకుని మెట్లమీద చతికిలబడి, పిల్ల దవడ పట్టుకుని మందు పోసింది. వరస అత్తగారితో, డాక్టరమ్మతో సహా మలుపు తిరిగిపోయింది.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు దిగారు.

"ఎదురుచూపులు సున్నా సార్!" అంటూ ఎదురెళ్లిన నివారణాధికారి, మెట్లమీద తల్లిని చూసి మిగతా మాట మింగేశాడు.

"ఏమ్మా, ఎదురుచూస్తున్నావా?" అన్నారు మంత్రిగారు.

"అవునండీ."

అధికారి గార్డు కోసం చుట్టూ చూశాడు.

"డాక్టరు కోసమా?"

"చూశారండీ."

"మందు కోసమా?"

"పట్టించానండీ. జ్వరం తగ్గడం కోసం చూస్తున్నానండీ."

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. రాష్ట్రాన్ని మోసేవాళ్లకు మాత్రమే తట్టే ఆలోచన తట్టింది. "అయితే ఆలస్యం మనది కాదయ్యా, జ్వరానిది! దానికి నోటీసివ్వండి."

క్షణాల్లో నోటీసు తయారైంది. "సకాలంలో తగ్గనందుకు మీమీద ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలి."

"ఎక్కడ అందజేయమంటారు సార్?"

"అది ఎక్కడ నివాసముంటే అక్కడ అంటించు."

"అయ్యా, పసిపిల్లండీ! కాస్త ఒంటిమీద చెయ్యేసి చూడండి, డాక్టరమ్మని ఆపండయ్యా!" అని తల్లి పిల్లను గుండెకు హత్తుకుంది.

"ఆపడం రూల్సుకి విరుద్ధమమ్మా" అని అధికారి బుజ్జగిస్తూ, కాగితానికి జిగురు రాసి పిల్ల నుదుట అంటించాడు. మంత్రిగారి వెంట వచ్చిన ఫొటోగ్రాఫరు కెమెరాతో పిల్ల దగ్గరికి జరిగాడు. అధికారి కాగితాన్ని వేలితో తట్టి చూసి, సంబరంగా మంత్రిగారి వైపు తిరిగాడు.

"జిగురు ఇంత త్వరగా ఆరడం నా సర్వీసులో చూళ్లేదు సార్!"