మన ఊళ్ళో గాలి దుమారం

ఆ శుక్రవారం పొద్దున సువర్ణరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి నూజివీడులో మీటింగు. ఒంటిగంటకు పర్మిషను. ఒకటిన్నరకు బస్సు. చీకటి పడేసరికి వేలేరుపాడులో కృపావతి ముందు నిలబడటం. మర్నాడు రెండో శనివారం, ఆ పైన ఆదివారం. ఐదు వారాలు పడిగాపులు కాస్తే దొరికిన రెండు రోజులు.

సువర్ణరాజు ఆగిరిపల్లిలో ఉద్యాన సహాయకుడు. ఏ పురుగుకి ఏ మందు కొట్టాలో, కాయకి ఎప్పుడు కవరు తొడగాలో, గాలి ఎప్పుడు లేస్తుందో మామిడి రైతులకు చెప్పడం అతని పని. కృపావతి వేలేరుపాడు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయి మూడేళ్ళు దాటింది. ఇద్దరూ ఒకే కప్పు కింద గడిపిన రోజులు మాత్రం నాలుగు నెలలు కూడా నిండలేదు. బదిలీలు తెరిచిన ప్రతిసారీ భార్యాభర్తల కోటాలో అతను దరఖాస్తు పెట్టాడు. వేలేరుపాడులో ఖాళీ లేక కాదు, అక్కడికి ఎవరూ పోరు కాబట్టి ఎప్పుడూ ఖాళీయే. "మీ బదులు ఇక్కడికి ఎవరొస్తారండీ? రైతులు ఊరుకోరు" అని దరఖాస్తు వెనక్కి ఇచ్చేవారు.

అంగారకుడి మీద దిగిన ఒక లాండర్ తీసిన ఫొటోలు ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్లో పెట్టారని పెళ్ళయిన కొత్తలో అతనికి తెలిసింది. ఆ లాండర్ సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుని, కరెంటు అందక అది ఎప్పుడో మూగబోయింది. ఫొటోలు మిగిలాయి. వాటిలో ఒక్కో రోజువి వరుసగా పేర్చి పది సెకన్ల బొమ్మ చేసి కృపావతికి పంపాడు. వేలేరుపాడు సిగ్నలుకు అంతకన్నా బరువైనది అందదు. ఆ పది సెకన్లైనా ఆసుపత్రి వెనక బండ ఎక్కితేనే అందేది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే అక్కడి వాతావరణం పంపడం అలవాటైపోయింది. తెల్లవారకముందు సన్నని నూలుపోగుల్లా సాగిపోయే మబ్బులు, నీలంగా దిగే సాయంత్రం. అతని కన్నా కృపావతి చూపే చురుకు. "లాండర్ పాదం మీద నిన్న ఉన్న ఇసుక ఇవాళ లేదండీ" అని రాసేది. అతను రెండు ఫొటోలూ మార్చి మార్చి చూస్తే, నిజమే, లేదు. ఇద్దరికీ ఒకేచోట పోస్టింగు దొరికే ఊరు భూమ్మీద కనపడలేదు కాబట్టి దానికి 'మన ఊరు' అని పేరు పెట్టుకున్నారు. గట్టి సుడిగాలి ఒకటొచ్చి ఆ పలకల మీది దుమ్ము తుడిచేస్తే బాగుండునని కృపావతి రోజూ ఆశపడేది. రాలేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఎదురుచూసేవారు. ఎదురుచూడటం వాళ్ళకు చేతనైన పని.

ఆవేళ వంతుకొచ్చిన ఫొటోల్లో దుమ్ము తుఫాను మొదలైంది. ఎర్రమట్టి మీద ఆకాశం ముందు గోధుమ రంగుకు, తర్వాత మసక ఎరుపుకు తిరిగింది. సువర్ణరాజు బొమ్మ కింద ఇలా రాశాడు: "ఇవాళ మన ఊళ్ళో గాలి దుమారం. తలుపులు బిగించుకో. ఉన్నవన్నీ సర్దుకుని త్వరగా వచ్చెయ్. నువ్వు లేకుండా ఉండలేను."

ఫోనులో కృపావతి పేరు కూడా 'మన ఊరు' అనే ఉంటుంది. సరిగ్గా దాని కిందే రెండువందల నలభై మంది ఉన్న గ్రూపు, 'మన ఊరి మామిడి రైతులు'. బస్సు తప్పిపోతుందేమోనన్న తొందరలో అతని బొటనవేలు ఒక్క వరుస కిందికి జారింది. అది చూసుకోకుండా ఫోను సైలెంటులో పెట్టి, సంచిలో పడేసి నూజివీడు బయల్దేరాడు.

తర్వాత జరిగిందంతా అతనికి ఆలస్యంగా తెలిసింది.

మెసేజి మొదట చూసినవాడు బుచ్చయ్య. డెబ్బై ఏళ్ళ మనిషి, పన్నెండెకరాల తోట కౌలుకు చేస్తున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివి, పక్క తోట ఆనంద్ బాబుకి ఫోన్ చేశాడు.

"చూశావా ఆనందూ? ఎప్పుడూ 'అండీ' లేకుండా మాటాడని మనిషి, 'వచ్చెయ్' అంటన్నాడు. ఎంత కంగారులో ఉంటే అలా రాస్తాడు?"

"ఆ కంగారుకేంగానీ, వీడియో చూడు బాబాయ్! చెట్టన్నది లేదు. ఎర్రమట్టి ఒక్కటే మిగిలింది. ఎవరి తోటంటావ్ అది?"

"ఎవరిదైతే ఏం, పోయింది కదా! ఉన్నవన్నీ సర్దుకోమన్నాడు. నువ్వు కూలోళ్ళని పిలువు. నేను ముందు సారు దగ్గరికెళ్ళొస్తా. నేను లేకుండా ఉండలేనన్నాడు పాపం."

బుచ్చయ్య మోపెడ్ మీద వెళ్ళి తాళం వేసున్న తలుపు చూశాడు. సారు సామాను సర్దుకుని ముందే వెళ్ళిపోయాడని గ్రూపులో చెప్పాడు. ఆ ఒక్క మాటతో మండలం లేచింది. ఎనిమిదికల్లా కాయ కోసే చిక్కం కర్ర పట్టగలిగిన ప్రతి మనిషీ చెట్ల కింద ఉన్నాడు. తొమ్మిదికి ఆగిరిపల్లిలో ప్లాస్టిక్ ట్రేలు అయిపోయాయి. పదికి మైలవరం నుంచి ట్రక్కు ఆటోల్లో కూలీలు దిగారు. ట్రేలు దొరకనివాళ్ళు నీళ్ళ డ్రమ్ముల్లో, దుప్పట్లలో, ఒకాయనైతే పెళ్ళికి తెచ్చుకున్న కొత్త బీరువాలో కాయలు సర్దారు.

ఒంటిగంటకు మీటింగు ముగించుకుని, సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడుస్తున్న సువర్ణరాజుకు వరసగా ఏడు ట్రాక్టర్లు ఎదురొచ్చాయి. అన్నిటి నిండా బంగినపల్లి కాయలు. ఏడో దాని మీద ఆనంద్ బాబు కూర్చున్నాడు.

"ఏంటండీ ఇది? ఇంకో పది రోజులు ఆగాల్సిన కాయ కదా!"

"మీరు చెప్పబట్టే కదండీ కోసింది!" అని ఆనంద్ బాబు దండం పెట్టాడు. ట్రాక్టరు సాగిపోయింది.

సువర్ణరాజు ఫోను తీశాడు. గ్రూపులో మూడువందల పన్నెండు మెసేజీలు. వాటి పైన కృపావతిది ఒక్కటి: "ఇవాళ మన ఊరు రాలేదేంటండీ? బండ మీద అరగంట నిలబడ్డాను."

పొద్దున్న పంపిన బొమ్మ ఎక్కడికి పోయిందో అప్పుడు చూశాడు. గ్రూపులో రాశాడు: "క్షమించాలి. అది మన ఊరు కాదండీ. అంగారకుడు. గాలి అక్కడ."

రెండు నిమిషాల తర్వాత బుచ్చయ్య గొంతు మెసేజి వచ్చింది. "విన్నారా అందరూ? అంగారకుడంటే కుజుడు. కుజుడి చూపు పడిందంట మన మీద. ఇందాక కోయనోళ్ళు కూడా కోసేయండి."

సువర్ణరాజు వెంటనే ఫోన్ చేశాడు. "బుచ్చయ్యగారూ, అది గ్రహం ఫొటో అండీ! ఎప్పుడో ఏళ్ళ కిందట వచ్చిన గాలి!"

"ఏళ్ళ కిందట బయల్దేరిందా? అయితే ఈపాటికి చేరే ఉంటదిలే బాబూ" అని బుచ్చయ్య పెట్టేశాడు.

ఒకటిన్నర బస్సు అతని కళ్ళ ముందే కదిలింది. ఎక్కుదామని చెయ్యి ఎత్తబోతుండగానే జిల్లా అధికారి పుష్పావతి మేడం ఫోను. పొద్దున మీటింగుకొచ్చి ఆవిడ ఇంకా నూజివీడులోనే ఉంది. "మూడు టీవీల వాళ్ళు నన్ను అడుగుతున్నారు సువర్ణరాజుగారూ, ఏ తుఫానని. ఎక్కడున్నా వెనక్కి రండి."

వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. భార్య, బండ, పది సెకన్లు, బొటనవేలు. భార్య ఉన్న ఊరి పేరొక్కటే మాటల్లో రాలేదు. పుష్పావతి మేడం చివరిదాకా విన్నది. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మండలం మొత్తం పచ్చికాయ కోయించారు. మిమ్మల్ని ఇక్కడ ఉంచితే నా ఉద్యోగం ఉండదు. సిగ్నలే లేని చోటికి పంపిస్తాను, అప్పుడు ఎవరికీ ఏమీ పంపలేరు. వేలేరుపాడు. సెలవైనా సరే, రేపే ఆర్డరు పంపిస్తాను. సోమవారం జాయినవ్వండి."

సువర్ణరాజుకు ముందు వినబడలేదు. వినబడ్డాక కళ్ళు నిండాయి. అది చూసి ఆవిడ మనసు కరిగింది.

"బాధపడకండి. పోనీ, దగ్గర్లో బాపులపాడు వేయించనా?"

"వద్దు మేడం!" అతను కుర్చీలోంచి లేచిపోయాడు. "తప్పు చేశాను. వేలేరుపాడే న్యాయం."

"మీలాంటి నిజాయితీపరుడికి శిక్ష వేయాల్సి రావడం..." అని ఆవిడ నిట్టూర్చింది. అతను తల వంచుకుని, నవ్వు కనబడకుండా గడ్డం ఛాతీకి ఆనించుకుని బయటికొచ్చాడు.

వేలేరుపాడు ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆయా జోజమ్మ ఎత్తి కృపావతిని పిలిచింది. అతను చెప్పాడు. అటువైపు ట్రే ఏదో కింద పడిన చప్పుడు వినబడింది.

"కృపా, ఉన్నావా?"

"ఉన్నానండీ. ఇంటి ఓనర్ని రెండో తాళంచెవి అడుగుతాను. ఎప్పుడూ ఒక్కటే ఇచ్చాడు." మళ్ళీ తనే, "రేపటి నుంచి పొద్దున్నే నాకేం పంపక్కర్లేదు" అంది. ఈ మూడేళ్ళలో వాతావరణం గురించి ఆమె అడగకపోవడం అదే మొదటిసారి.

నాలుగున్నరకు పడమటి నుంచి గాలి లేచింది.

చైత్రంలో ఏ సాయంత్రమైనా గాలివాన రావచ్చని మామిడి ప్రాంతంలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ఆరోజే ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. ముందు ఎర్రదుమ్ము లేచి పక్క మనిషి కనబడలేదు. తర్వాత ఈతకాయలంత వడగళ్ళు. పొరుగు మండలాల్లో ఏ తోటలో చూసినా కాయంతా నేలపాలే. ఆగిరిపల్లిలో రాలడానికి చెట్ల మీద కాయే లేదు. షెడ్లలో, డ్రమ్ముల్లో, దుప్పట్లలో, కొత్త బీరువాలో క్షేమంగా ఉంది.

శనివారం పొద్దున సువర్ణరాజు రెండు పెట్టెలు కట్టి, పరుపు చుట్టి తాడు బిగిస్తుంటే వీధిలో బ్యాండు వినిపించింది. తలుపు తీశాడు. బుచ్చయ్య ముందు, ఆయన వెనక ఆనంద్ బాబు, వెనకాల వీధి చివరిదాకా రైతులు. మధ్యలో నవ్వుతూ పుష్పావతి మేడం.

"కంగారు పడకు బాబూ!" బుచ్చయ్య అతన్ని కావలించుకున్నాడు. "నిన్ను బదిలీ చేస్తన్నారని తెలిసి రాత్రికి రాత్రే ముప్పై మందిమి మేడంగారింటికెళ్ళాం. ఆపించేశాం!"

"ఎందుకండీ!" అని అరిచాడు సువర్ణరాజు. అది కృతజ్ఞత అనుకుని వెనకవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నన్ను మన్నించాలి సువర్ణరాజుగారూ" అంది పుష్పావతి మేడం. "మీ హెచ్చరికని వదంతి అనుకున్నది నేను. పైకి 'ముందస్తు హెచ్చరిక' అని రాశాను. కమిషనర్ గారు మిమ్మల్ని మెచ్చుకున్నారు."

"మేడం, అది అంగారకుడని మీకు చెప్పాను కదండీ. నేను అక్కడికి వెళ్ళి తీరాలి. మా ఆవిడ..."

"ఎంత వినయమో చూడండి!" ఆవిడ అందరివైపూ తిరిగింది. బ్యాండు మళ్ళీ మొదలైంది. ఎవరో అతని పరుపు తాడు విప్పి, పరుపును గౌరవంగా లోపల పరిచారు.

ఆ గోలలోనే ఫోను మోగింది. బండ మీద నుంచి కృపావతి. "ఇంటి ఓనరు తాళంచెవి చేయించి ఇచ్చాడండీ. ఎన్నింటికి బయల్దేరుతున్నారు?"

అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఈలోపే ఆమెకు బ్యాండు వినబడింది, చప్పట్లు వినబడ్డాయి, బుచ్చయ్య గొంతు కూడా వినబడింది. నర్సు కదా, చెప్పకముందే అర్థమైంది.

"ఉంచుతానులెండి" అంది మెల్లగా. "తాళంచెవి పాడైపోయే వస్తువు కాదు." సిగ్నలు తెగిపోయింది.

అరుగు మీద బల్ల వేశారు. సువర్ణరాజుని మరో ఐదేళ్ళు ఆగిరిపల్లి నుంచి ఎవరూ కదపకూడదని రైతులంతా ఏకగ్రీవంగా తీర్మానం రాశారు. అది శాఖకు వెళ్ళాలంటే స్థానిక ఉద్యాన సహాయకుడు ధ్రువీకరించాలట, అందుకని కింద సంతకం సువర్ణరాజే పెట్టాడు.