గడువు దాటినవాడే ధన్యుడు

అయ్యలారా, అమ్మలారా, గడువు దాటిపోవడమంత భాగ్యం మరొకటి లేదు! వేళకు అర్జీ పెట్టుకున్నవాడికి ఏం దక్కుతుంది? ఒకే ఒక్క జవాబు. ఆలస్యమైనవాడికో? ముందు ఆలస్యాన్ని మన్నించమని ఒక అర్జీ, అది మన్నిస్తే అసలు అర్జీ. ఒక టికెట్టుకు రెండు సినిమాలు! ఇంతటి ఔదార్యం ఇంకే సర్కారుకుంది?

నమ్మకపోతే ఇక్కడ ఆస్ట్రేలియాలో మా ఊరి కెల్విన్ హార్ట్‌నెట్‌ను చూడండి. గొర్రెల ఉన్ని కత్తిరించడంలో ఎక్కడో ఉన్న బర్క్ పట్నం దాకా పేరున్న మనిషి. విడిపోయిన భార్య షెల్లీకి పడమటి గనుల్లో లారీ తోలే ఉద్యోగం దొరికింది. పాప మేబెల్‌ను కెల్‌కు అప్పగించి వెళ్ళింది. కెల్ ఊరూరూ తిరిగే పని మానేసి, బడి పక్కనే టైర్ల షాపులో చేరాడు. గొర్రెను పట్టినట్టు పాపను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడలు వేయడం కూడా నేర్చుకున్నాడు.

పాప మకాం మారిందని, పాప పోషణకని తండ్రి జీతంలో కోసి తల్లికి పంపే భరణం ఆఫీసుకు చెప్పాలి కదా? "నేను చెబుతాలే కెల్" అంది షెల్లీ. ఇంకా చెబుతూనే ఉంది! నెలనెలా వచ్చిపడే డబ్బును ఎవరు కాదంటారు? పోనీ, కెల్ చెప్పొచ్చుగా? అమ్మమ్మా! పాప తల్లి మీద సర్కారుకు చాడీలు చెప్పడమా? మా వాళ్ళు తలైనా తీసి ఇస్తారు గానీ ఆ పని చేయరు. "సర్దుకుంటుందిలే, మేట్" అన్నాడు కెల్ నాతో.

అది సర్దుకోలేదు. మేబెల్ అన్ని రాత్రులూ తల్లి దగ్గరే ఉంటోందని ఆఫీసు కొత్త లెక్క కట్టి, కెల్ జీతంలో కోత పెంచింది. అభ్యంతరముంటే గడువులోగా చెప్పుకోమంది. ఆ వారమే మేబెల్‌కు ఆటలమ్మ పోసింది. పాప గోక్కోకుండా కెల్ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. పాపకు తగ్గేలోగా తండ్రికి అంటుకుంది. గడువు హాయిగా దాటిపోయింది!

అదనపు గడువు అడిగితే ఆలస్యానికి కారణం రాయమన్నారు. కెల్ ఉన్నదున్నట్టు రాశాడు. ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. గొంతు తేనె!

"పాపకు ఒంట్లో బాలేక ఆలస్యమైందని రాశారు. కానీ పాప మీ దగ్గర లేదు కదండీ?"

"లేకపోవడమేంటి తల్లీ? ఇదిగో, నా పక్కనే కూర్చుని వెజిమైట్ రాసిన టోస్టు తింటోంది!"

"మా రికార్డు ప్రకారం తల్లి దగ్గరుందండీ. మీ దగ్గర లేని పాపకు జబ్బు చేస్తే మీకెందుకు ఆలస్యమవుతుంది?"

"రికార్డు తప్పనే కదమ్మా నా మొత్తుకోలు!"

"అది అభ్యంతరం కిందికొస్తుంది. దాని గడువు దాటిపోయింది."

మేబెల్ ఫోను లాక్కుంది. "నేనిక్కడే ఉన్నా! కావాలంటే వచ్చి నా మచ్చలు చూసుకో!"

"అయ్యో, పాపం! తొందరగా తగ్గిపోతుందిలే బంగారం" అందావిడ, ఎంతో ప్రేమగా. ఫోన్ పెట్టేసి, అదనపు గడువుకు తగిన కారణం లేదని రాసేసింది.

ఇందులో ఆవిడ తప్పేముంది? కళ్ళు మోసం చేస్తాయి, చెవులు మోసం చేస్తాయి. రికార్డు మోసం చేస్తుందా? రేపు కెల్ పాపను భుజానెత్తుకుని ఆఫీసుకు వెళ్ళినా, ఆ పాప ఎవరి పిల్లో ఆరా తీసి తల్లికి కబురు పెడతారు. అంత బాధ్యత గల మనుషులు!

కోత పోగా మిగిలిన టైర్ల షాపు జీతం ఇంటి అద్దెకే చాలడం లేదు. అందుకని కెల్ మళ్ళీ కత్తెర పట్టాడు. బర్క్ అవతల గొర్రెల షెడ్లలో పని, అక్కడే పడక. చిన్నపిల్లను అక్కడికి తీసుకెళ్ళలేడు కదా. నిన్న మేనత్త గ్లెనిస్ వచ్చి మేబెల్‌ను డబ్బో అనే తన ఊరికి తీసుకెళ్ళింది. కారు అద్దంలోంచి ఏడుస్తూ చూస్తున్న పాపకు కెల్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఆఫీసును ఆడిపోసుకున్నవాళ్ళంతా ఇప్పుడు లెంపలేసుకోవాలి. పాప తండ్రి దగ్గర లేదని వాళ్ళు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు నిజంగానే లేదు.