నీలం తలుపుల బారు వడ

ఎమ్మిగనూరులో వెంకటప్పలు వీధికి ఇద్దరు చొప్పున ఉన్నారు గానీ రంగూన్ వెంకటప్ప ఒక్కడే. ఆయన రంగూన్‌లో ఉన్నది కొన్నేళ్లే. రంగూన్ ఆయనలో ఉన్నది మాత్రం అప్పట్నుంచి ఇప్పటిదాకా.

యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డప్పుడు పెళ్లాన్ని వెంటబెట్టుకుని, దోవఖర్చుకు ఆమె కడియాలు అమ్మి, కొంత నడిచి, కొంత ఓడెక్కి, మిగతాది రైలెక్కి సొంతూరు చేరాడు. రంగూన్ మిల్లు పని పోయింది గనక మళ్లీ గుంత మగ్గంలో కూర్చున్నాడు. కాళ్లు గుంతలో, చేతులు నూలు మీద, మనసు రంగూన్ రేవులో. మగ్గం ముందు కూర్చుని మగ్గును కలగనే నేతగాడు జిల్లా మొత్తమ్మీద ఆయనొక్కడే.

మగ్గంటే బీరు మగ్గు. అవి మద్యనిషేధం రోజులు. కర్నూల్లో గుడారాల కింద ప్రభుత్వం నడుస్తున్న కాలం. తాగడానికి వీల్లేదు గనక, ఒకప్పుడు తాగినవాళ్లు దాన్ని తలుచుకుంటూ బతికేవాళ్లు. తలుచుకోవడానికి పర్మిట్ అక్కర్లేదు.

పొద్దుగూకితే వెంకటప్ప అరుగు మీద ఇంకో ఇద్దరు రంగూన్ రాయుళ్లు చేరేవాళ్లు. ఒకడు సోడా లక్ష్మన్న. గోళీసోడా అంగడి ఆయనది. పగలు సీసాలకు గ్యాసు పట్టిస్తాడు, సాయంత్రం మనుషులకు. రెండోవాడు ఆనందం. పేరు ఆనందం, పని ఏడవటం. రంగూన్ మాటెత్తితే చాలు, భుజమ్మీది తువ్వాలు కళ్ల మీదికి వచ్చేది.

"నీలం తలుపుల బారు," అని మొదలుపెట్టేవాడు వెంకటప్ప.

"లోపల ఎత్తుపీట మింద మా షేన్," అనేవాడు లక్ష్మన్న. మా షేన్ అంటే ఆ బారు నడిపిన బర్మా ఆవిడ.

"గుర్తు చేయాకండప్పా," అనేవాడు ఆనందం, తువ్వాలు సిద్ధం చేసుకుంటూ.

"ఆ వడ," అనేవాడు వెంకటప్ప. అక్కడ ముగ్గురూ గుడిలో గంట విన్నట్టు కళ్లు మూసుకునేవాళ్లు.

ఒకరోజు సరిగ్గా అట్లా కళ్లు మూసుకున్న సమయంలో వెంకటప్ప భార్య ఉరుకుందమ్మ అలసంద వడలు తెచ్చి అరుగు మీద పెట్టింది. వెంకటప్ప ఒకటి కొరికి మొహం ముడిచాడు.

"మేయ్, ఇది వడనా?"

"కాదు, వంకీ. చేతికి తొడుక్కో."

"ఎగతాళి కాదు. ఆ బర్మావాళ్ల చేతిమహిమే వేరు. కొరికితే కరకర, నమిలితే మెత్తన. నడిమధ్య బొటనేలితో నొక్కిన గుంత, పసిబిడ్డ సొట్టబుగ్గ మాదిరి. అట్లాంటి వడ నువ్వు ఈ జన్మలో చెయ్యలేవు." అంటూ చేతిలో వడను అటూ ఇటూ తిప్పుతున్నాడు. దానికీ నడిమధ్య గుంత ఉంది. కళ్లు రంగూన్‌లో ఉండటంవల్ల వెంకటప్పకు అది కనబడలేదు.

ఉరుకుందమ్మకు కనబడింది. ఎందుకో కొంగుతో మూతి అద్దుకుంది.

"అయితే ఆ వడ తెప్పించు. ఈ ఇంట్లో, ఈ గడప లోపల, నీ బారు వడ నాకు చూపించు. చూపిస్తే నాకు వంట రాదని వీధి నడుమ నిలబడి ఒప్పుకుంటా."

"చూపించకపోతే?"

"చచ్చేదాకా నీ నోట్లో రంగూన్ మాట రాకూడదు."

ఆనందం అప్పుడే ఏడుపు మొదలుపెట్టాడు. వెంకటప్పకు ఊళ్లో ఉన్న ఆస్తి మగ్గం కాదు, ఇల్లు కాదు, ఆ ఒక్క మాట. అది పోతే ఆయన వీధికిద్దరు వెంకటప్పల్లో మూడోవాడు. కానీ ఇద్దరు స్నేహితుల ముందు మీసం ఉన్న మగవాడు ఏం చేస్తాడు? మీసం దువ్వాడు. "సరే," అన్నాడు.

మరుసటి వారం లక్ష్మన్న సోడా సీసాల కోసం కర్నూలు పోయి, రెండు చేతులూ ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. సీసాలు మరిచిపోయాడు.

"ఏమప్పా వెంకటప్పా, మన దశ తిరిగె. బారు వంటవాడు లేవి గుర్తుండాడా? గుడారాల్లో ఆఫీసర్లకు వండుతాండాడు. కన్నారా చూస్తి. బస్సు చార్జీలు పెట్టుకుంటే ఒక రోజు వస్తానన్యాడు."

వెంకటప్ప లక్ష్మన్నను వాటేసుకున్నాడు. ఆనందం ఇద్దర్నీ వాటేసుకుని ఏడ్చాడు.

పథకం తయారయింది. శ్రావణ సోమవారం ఆడవాళ్లు బండ్లు కట్టుకుని ఉరుకుంద ఈరన్న సామి దగ్గరికి పోయి రాత్రి నిద్రచేసి వస్తారు. ఆ రోజే లేవి రావాలి. ఉరుకుందమ్మ తిరిగొచ్చేసరికి వడలు తట్టలో ఉండాలి, లేవి బస్సులో ఉండాలి. వంటవాడు సాయం వచ్చాడని తెలిస్తే గెలుపు చప్పబడుతుంది కదా.

బారన్నాక మందుండాలి. మద్యం లేదు గాబట్టి, ముగ్గురికీ ఒకేసారి అజీర్తి పుట్టి, వైద్యుడి అంగట్లో మూడు సీసాల ద్రాక్షారిష్టం కొన్నారు. పేరులోనే అరిష్టం ఉన్న మందు అది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక అలసందలు. ముందురోజే నానబెట్టాలి, పెళ్లాం కంటబడకూడదు. వెంకటప్ప వాటిని కుండలో పోసి, కుండను మగ్గం గుంతలో, తన కాళ్ల పక్కన దాచాడు. రెండో గంటకల్లా అలసందలు ఉబ్బి కుండ పైకొచ్చాయి. మగ్గం కాలిచెక్క తొక్కబోయి కుండ తొక్కాడు. కాలు లోపలికి పోయింది. మళ్లీ పైకి రాలేదు.

"ఏమయ్యా, మగ్గం సద్దు ఆగిపోయె?" వంటింట్లోంచి ఉరుకుందమ్మ.

"నూలు తెగె."

"అతుక్కో మరి."

"అదే, అతుక్కున్యాది," అన్నాడు వెంకటప్ప, కుండను కాలితో సహా మోస్తూ.

సోమవారం పొద్దున్నే ఉరుకుందమ్మ పక్కింటి ఈరక్కతో కలిసి బండెక్కింది. వెంకటప్ప ఆమె మూట తానే మోసి బండిలో పెట్టాడు. పెళ్లయ్యాక ఆమె మూట ఆయన మోయడం అదే మొదలు. "పైలంగా పోయి రా, సామికి నా తరఫున కూడా మొక్కు," అన్నాడు. ఉరుకుందమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసి, "ఏం మొక్కమంటావు?" అంది. ఆయన వంగి మూట ముడి ఇంకోసారి బిగించాడు.

మధ్యాహ్నానికి లేవి దిగాడు. నెరిసిన మీసం, పొట్ట మాత్రం అదే. ముగ్గురూ ఆయన్ను పెళ్లికొడుకులా లోపలికి తీసుకుపోయారు. లేవి పంచె ఎగ్గట్టి, కుండలో అలసందలు చూసి, "రుబ్బుదాం, తెల్లగడ్డలు తీయండి," అన్నాడు.

"లేవు," అన్నాడు వెంకటప్ప.

"ఎర్రగడ్డలు?"

"అవీ లేవు."

ఆ ఇంట్లో వెల్లుల్లి, ఉల్లి పొయ్యెక్కవు. వెంకటప్ప తల్లి ఈరన్న సామికి మొక్కుకుని, పోయేటప్పుడు కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. రంగూన్‌లో అద్దె గదిలో కూడా కొడుకు ఆ ఒట్టు నిలబెట్టాడు. గడప దాటిన నాలుకకు మాత్రం ఒట్టు అంటదని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ నాలుకను, ఆ పొయ్యిని ఒకచోట కలపాల్సి వచ్చేసరికి ధైర్యం చాలలేదు.

"అమ్మ పైనుంచి చూస్తాంటుంది లేవీ. అవి లేకుండానే కానీ."

అట్లా లేవి అడిగినవన్నీ లేవు. ఉన్నవాటితో లేవి రుబ్బాడు. కాలు పడ్డ అలసందలని ఆయనకెవరూ చెప్పలేదు. మొదటి వాయి నూనెలో వేయగానే చితికి చిటపటలాడింది. రెండో వాయి నల్లబడింది. మూడో వాయికి ఇల్లంతా పొగ కమ్మి, చూరులోంచి వీధిలోకి పోయింది.

"ఏం లేవీ, చేయి మరిచినావా?" అన్నాడు లక్ష్మన్న దగ్గుతూ.

"మరవడానికి నేను ఎప్పుడు చేస్తినప్పా? నేను బారులో కోడి, చేప, గుడ్లు వండితి. వడలు నావి కావు."

"మరి రమ్మంటే వస్తివే?"

"రమ్మంటిరి, వస్తి. వడలు చేస్తివా అని మీరు అడగలేదు."

అదే సమయానికి వీధి తలుపు దబదబ బాదారు. ముగ్గురి గుండెల్లో ఒకే మాట: ఎక్సైజు వాళ్లు. ద్రాక్షారిష్టం మందేనని, మందుకు ఎవరూ భయపడక్కర్లేదని ఒక్కరికీ తోచలేదు. సాక్ష్యం మాయం చేయడానికి ఆనందం మూడు సీసాలూ వరసగా గొంతులో వంపుకున్నాడు. లక్ష్మన్న ధాన్యం గాదె వెనక్కి దూరాడు. వెంకటప్ప అలవాటుకొద్దీ మగ్గం గుంతలోకి దిగాడు.

"ఇల్లు కాలుతాందేమప్పా?" బయట ఎదురింటి ముసలాయన, చేతిలో నీళ్ల బిందె.

"లేదు మామా, సాంబ్రాణి వేస్తాండాం," అన్నాడు వెంకటప్ప గుంతలోంచి.

ముసలాయన పోయాక చూస్తే లేవి లేడు. పెరటి తలుపు తీసి ఉంది.

"పారిపోయె," అన్నాడు లక్ష్మన్న.

వెంకటప్ప గుంత అంచున కూలబడ్డాడు. రేపు పొద్దున బండి దిగుతుంది. ఆమె తట్ట చూస్తుంది. తర్వాత ఆ మాట ఉండదు. "ఇంక సాయంత్రాలు ఏం మాట్లాడుకుందాం లక్ష్మన్నా?"

"నేత గురించి."

"పుట్టినప్పట్నుంచి నేస్తాండాం. దాంట్లో మాట్లాడేదానికి ఏముండాది?"

ఆనందం మాత్రం మూడు సీసాల పుణ్యమా అని జీవితంలో మొదటిసారి నవ్వుతున్నాడు. అది చూస్తే ఇంకా భయమేసింది.

అప్పుడొచ్చింది వాసన.

పెరటి వైపు నుంచి, పొగను చీల్చుకుంటూ, నూనెలో తెల్లగడ్డ ఎర్రగా వేగుతున్న వాసన. ముగ్గురి తలలూ ఒకేసారి తిరిగాయి. ఆ వాసనలో ఓడల కూతలున్నాయి, నీలం తలుపుల కిర్రు ఉంది, మా షేన్ చుట్ట పొగ ఉంది. పెరటి తలుపులోంచి లేవి తట్ట పట్టుకుని వచ్చాడు. మధ్యలో పెట్టాడు.

వెంకటప్ప ఒకటి తీసుకుని కొరికాడు. కరకర. తర్వాత మెత్తన.

"ఇదే," అన్నాడు. "ఇదే లక్ష్మన్నా. చూసినావా, నా నాలుక అబద్ధం చెప్పలేదు. ఇదీ వడ అంటే. ఆ చేతికి దండం పెట్టాల. కడియాలు తొడగాల. నా పెళ్లాం ఏడు జన్మలెత్తినా ఇట్లాంటి వడ—"

"ఇంకో రెండు వేసుకో, వేడిగా ఉండాయి."

పెరటి గడపలో ఉరుకుందమ్మ నిలబడి ఉంది. చేతిలో జల్లిగరిటె.

వెంకటప్ప నోట్లో వడ అట్లాగే ఆగిపోయింది. "నువ్వు... ఉరుకుంద..."

"బండి ఊరు దాటకముందే దిగితి. సామి వచ్చే సోమవారం కూడా ఆడనే ఉంటాడు. ఈ తమాషా ఉంటుందా? లక్ష్మన్న సంగతంతా వాళ్లింట్లో చెప్పె, వాళ్లావిడ నాకు చెప్పె. సోడా సీసాలో నిలిచిన గోళీ ఆయన నోట్లో నిలుస్తుందా?"

లేవి అందుకున్నాడు. "నీళ్లకని పెరట్లోకి పోతి. ఈయమ్మ మూడు రాళ్లు పేర్చి, మంట పెట్టి, వాటి ముందర కూర్చోని రుబ్బుతాంది. ఆ కూర్చునే తీరు నేను మరుస్తానా? బారు వెనక వాకిట్లో రోజూ చూసిందే గదా. అమ్మా, మీరా అంటి."

"వెనక వాకిట్లో?" అన్నాడు వెంకటప్ప.

"మరి వడలు యాడనుంచి వస్తాండె అనుకుంటివి? నువ్వు మీసం దువ్వుకుంటా ముందు వాకిట్లో ఎక్కుతాంటివి, నేను వెనక వాకిట్లో అలసందల గంప దించుతాంటి," అంది ఉరుకుందమ్మ. "అత్త ఒట్టు ఇంట్లో పొయ్యికి. రాళ్లకు కాదు. అందుకని బారు పెరట్లో రాళ్ల మింద వండితి. తెల్లగడ్డ వేస్తి, ఎర్రగడ్డ వేస్తి. ఇంట్లో నీ ఒట్టు ప్రకారం చప్పిడి వడ పెడితి."

"నా పెళ్లాం... బారుకు... నాకు ఒక్కమాట చెప్పలేదే?"

"నా పెళ్లానికి కష్టపడే గతి పట్టలేదని మిల్లంతా చాటుకుంటివి గదా. చెప్తే నీ పరువేమయ్యేది? నీ జీతం ముందు వాకిట్లో లోపలికి పోతాండె. దాన్ని వెనక వాకిట్లో నేను అందుకోని ఇంటికి తెస్తాంటి. దోవ కొంచెం చుట్టు, అంతే." తర్వాత కాస్త నెమ్మదిగా అంది: "వచ్చేటప్పుడు దోవలో అమ్మితిమే, ఆ కడియాలు నీకు చెప్పినట్టు మా అన్న పెట్టినవి కావు. ఆ వడలు పెట్టినవి."

వెంకటప్ప తన చేతిలోని సగం వడ వైపు చూశాడు. నడిమధ్య బొటనవేలి గుంత. తర్వాత ఆమె బొటనవేలి వైపు చూశాడు. యుద్ధం తర్వాత మొదటిసారి ఆయన కళ్లు రంగూన్ వదిలి ఎమ్మిగనూరుకు వచ్చాయి.

ఇబ్బందిని తప్పించడానికి లక్ష్మన్న గాదె పక్కనుంచి పెద్దమనిషి గొంతుతో తీర్పు చెప్పాడు. "ఏమైనా పందెం పందెమే. బారు వడ ఈ గడప లోపలికి వచ్చె. వెంకటప్ప గెలిచె."

వెంకటప్ప మీసం కొంచెం లేచింది.

"ఎవరు కాదన్యారు? గెలిచినాడు," అంది ఉరుకుందమ్మ. నేరుగా వీధి నడుమకు పోయి, ఎదురింటి ముసలాయన సాక్షిగా నిలబడి, అందరికీ వినబడేట్టు చెప్పింది: "నాకు వంట రాదు. ఒప్పుకుంటాండా." తిరిగొచ్చి జల్లిగరిటె మొగుడి చేతిలో పెట్టింది. "వంట రానిది పొయ్యి కాడ కూర్చోకూడదు. ఇంటికి నామర్దా. రేపట్నుంచి నువ్వే చూసుకో."

మర్నాడు పొద్దుగూకేసరికి అరుగు మీద ఎప్పట్లాగే ముగ్గురున్నారు. లక్ష్మన్న, ఆనందం, నడుమ ఉరుకుందమ్మ. నీలం తలుపుల బారు కథ ఈసారి వెనక వాకిట్లోంచి మొదలయింది. మా షేన్ ఎవర్ని ఏమని తిట్టేదో, ఎవరు మగ్గులో నీళ్లు కలిపేవాళ్లో, వెంకటప్ప ఏ పాట పాడి బెంచీ మీంచి పడ్డాడో, అన్నీ కొత్త సంగతులే. నవ్వులు వీధి చివరిదాకా వినబడుతున్నాయి.

లోపల్నుంచి పొగ, దగ్గు, ఆ దగ్గు వెనక వెంకటప్ప గొంతు వచ్చాయి.

"మేయ్, పిండిలోకి ఉప్పెంత?"

"నాకేం తెలుసు, నాకు వంట రాదు గదా," అని, ఉరుకుందమ్మ మళ్లీ రంగూన్ వైపు తిరిగింది.

కాసేపటికి వడలొచ్చాయి. ఆనందం ఒకటి కొరికాడు. తువ్వాలు కళ్ల మీదికి వెళ్లింది.

"ఏమన్నా, రంగూన్ గుర్తొచ్చెనా?" అడిగింది ఉరుకుందమ్మ.

"లేదు తల్లీ," అన్నాడు ఆనందం. "నిన్న దాకా నువ్వు పెట్టిన చప్పిడి వడ గుర్తొచ్చె."