సీమధారలో చప్పట్ల ముఠా

"ఈ లోకంలో నేరస్థులు రెండు రకాలప్పా. నాకు దొరికినోళ్లు, నాకు దొరకబోయేటోళ్లు" అని ప్రకటించాడు ఉమామహేశ్, క్యాంటీన్‌లో బొరుగుల ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ తుంచుకుంటూ.

ఎదురుగా కూర్చున్న హెన్రీకి మూడో రకం కూడా తెలుసు: ఏ నేరమూ చేయకుండా ఉమామహేశ్ పక్కన కూర్చున్నవాళ్లు. ఆ సంఘానికి అతనే అధ్యక్షుడు, అతనే సభ్యుడు.

ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటాక వచ్చే సీమధార డ్రిప్ పైపుల కంపెనీలో హెన్రీ స్టోర్సు చూస్తాడు. ఉమామహేశ్‌ది క్వాలిటీ సెక్షను. పైపుల్లో డిఫెక్టులు పట్టీ పట్టీ తాను డిటెక్టివ్‌నయ్యానని అతని నమ్మకం. పట్టేవాడిలోనే డిఫెక్టుందని సెక్షను నమ్మకం. అతను ఇంతవరకు ఛేదించిన కేసు క్యాంటీన్‌లో పెరుగు దొంగతనం ఒక్కటే. పట్టుబడింది పిల్లి. అది ఇప్పటికీ నేరం ఒప్పుకోలేదు.

ఈసారి కేసు పెద్దది. దాని మూలం బెంగళూరులో ఉంది.

వేసవిలో అక్కడి నుంచి శివాని అనే అమ్మాయి కల్చర్ మేనేజరుగా వచ్చింది. కల్చర్ అనగానే ఆడవాళ్లు కోలాటం కర్రలు వెతుక్కున్నారు. ఆమె తెచ్చిన కల్చరు వేరు. మరునాటికల్లా గోడకు బోర్డు ఎక్కింది: ఇక్కడ అందరం సమానం, సార్ లేదు, మేడం లేదు, అన్నా అక్కా అసలే లేవు, పేరే మన పిలుపు. నోరు జారితే ఆ సెక్షను పేరు పక్కన ఎర్ర స్టిక్కరు. స్టిక్కర్లు ఎక్కువైన సెక్షనుకు శనివారం బిర్యానీ బందు.

పాపం, ఆమె ఉద్దేశం మంచిదే. అయితే బెంగళూరు ఆఫీసులో ఒకే షిఫ్టులో మేనత్తా, మేనల్లుడూ, వదినా, మరిదీ పనిచేయరు. ఇక్కడ ప్యాకింగులో ఉండే సంతోషమ్మ హెన్రీకి సొంత పిన్ని. ఆమెను "సంతోషమ్మా" అని పిలిచి, ఆదివారం అదే నోటితో చర్చిలో పాట పాడలేడు. అలాగని బిర్యానీ వదులుకోలేడు. అందుకే అందరూ కలిసి, ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే, మధ్యేమార్గం పట్టారు. ఎవరినీ ఏమీ పిలవరు. మనిషి కావాలంటే చప్పట్లు కొడతారు. కొందరు ఈల వేస్తారు. హెన్రీ దగ్గుతాడు.

అందరికంటే చిక్కు నాగలతది. ఆమె పైపుల మిషను నడుపుతుంది. తయారైన చుట్టలు మోసుకెళ్లే ఫోర్కులిఫ్టు డ్రైవరు అయ్యన్న ఆమె మొగుడు. పెళ్లయినప్పటి నుంచి ఆ పేరు ఆమె నాలుక దాటలేదు. స్పానరుతో ఇనుప స్తంభం మీద రెండుసార్లు మోగిస్తే అయ్యన్న వస్తాడు.

మీటింగుల్లో శివాని ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగేది. అందరూ తల అడ్డంగా ఊపేవాళ్లు. మొగుని పేరు పలకడానికి సిగ్గని ఆఫీసులో ఎవరు చెబుతారు? పని మందగించింది. హెడ్డాఫీసు కారణం అడిగింది. శివాని ఉమామహేశ్‌ను పిలిచి, ఫ్లోరులో ఏమైనా తేడాగా అనిపిస్తోందా అని మాటవరసకు అడిగింది. అతను దాన్ని రహస్య నియామకంగా స్వీకరించాడు.

"చప్పట్లు, ఈలలు, ఇనుప మోత. ఇది సంకేత భాష" అన్నాడిప్పుడు గొంతు తగ్గించి. "మన పైపు రహస్యాలు పోటీ కంపెనీకి పోతాండాయి. నాగలత రెండుసార్లు కొడితే బండి వస్తాది. అంటే ముఠాకు వాహనం కూడా ఉండాది."

"అది గాదప్పా, ఆయప్ప ఆమె మొగుడు."

"మొగుడూ పెళ్లాల వేషం శానా పాతది, హెన్రీ."

అదే సమయానికి సంతోషమ్మ అటుగా పోతుంటే అలవాటుగా హెన్రీకి దగ్గు వచ్చింది. ఆమె ఆగి వెనక్కి చూసింది. ఉమామహేశ్ కళ్లు సన్నబడ్డాయి. "నువ్వెప్పుడు కలిసినావు వాళ్లల్లో?" అని అడిగాడు బాధగా. ఆ తర్వాత హెన్రీ ఏం చెప్పినా అది నిందితుడి వాంగ్మూలమే అయింది.

సీమధారలో ధార ఉందిగానీ ఆధారం లేదు. అయినా నివేదిక వెళ్లింది, ముఠా నాయకురాలు నాగలత అని. శనివారం ఫ్లోరు మీటింగులో అందరి ముందూ సంజాయిషీ చెప్పాలని, లేకపోతే పర్మనెంటు ఆర్డరు రద్దని శివాని కబురు పెట్టింది. ఏళ్లు కాంట్రాక్టులో నలిగాక కిందటి నెలే వచ్చిన ఆర్డరది. దాన్ని నమ్ముకునే నాగలత కూతుర్ని కర్నూలు హాస్టల్లో చేర్చింది. ఆ వారమంతా ఆమె సరిగా తినలేదు. స్తంభం మాత్రం మోగుతూనే ఉంది, మరి చుట్టలు కదలాలి కదా.

శనివారం అందరూ ఫ్లోరులో చేరే వేళకు ఉమామహేశ్ కనబడలేదు. ముఠాను పనిలో ఉండగా పట్టుకోవాలని ఒక ఖాళీ అట్టపెట్టెకు రెండు కన్నాలు పొడిచి, అందులో దూరి, గోడ పక్కన కూర్చున్నాడు. నేర పరిశోధనలో ఎంత పండినా, ఆ గోడ పక్కన పెట్టే పెట్టెలన్నీ చెత్త నొక్కే మిషనుకు పోతాయని అతనికి తెలియదు.

అయ్యన్నకు తెలుసు. మీటింగుకు ముందే చెత్త తీసేద్దామని పెట్టెను ఫోర్కుల మీదికి ఎత్తి మిషను వైపు బయలుదేరాడు. పెట్టె అడుగు నుంచి ఒక బూటు వేలాడటం నాగలత చూసింది. చప్పట్లు కొట్టింది. స్తంభం మోగించింది. అయ్యన్న, వస్తా ఉండు అన్నట్టు చెయ్యి ఊపి బండిని ఇంకా ముందుకు పోనిచ్చాడు. పెట్టెలోంచి, సంకేతాలు మొదలైనాయి హెన్రీ, రాసుకో అని సంబరంగా వినబడింది, బండి మోతలో అయ్యన్నకు తప్ప. ఫోర్కులు మిషను నోటి మీదికి వచ్చాయి.

"పాపోళ్ల నాయనా, నిలబెట్టు. దాండ్లో మనిషి ఉండాడు."

నాగలత కేకకు బండి గక్కున ఆగింది. పెట్టె అడుగు ఊడి అపరాధ పరిశోధకుడు చెత్తకుప్పలో పడ్డాడు. దాంతో ఫ్లోరుకు కట్టిన కట్ట కూడా తెగింది. ఒకడు మామా అన్నాడు, ఒకామె బావా అంది, నీళ్లు తే పిన్నీ అని హెన్రీ కేకేశాడు. ఎర్ర స్టిక్కర్ల చుట్ట శివాని చేతిలోనే ఉండిపోయింది.

ఉమామహేశ్ తలలోంచి అట్టముక్కలు దులుపుకొని లేచి, ముఠా పెద్ద పేరు బయటపడిందని, అది పాపోళ్ల నాయన అని ప్రకటించాడు.

ఎవరాయన అని శివాని అడిగింది. నాగలత తల దించుకొని బండి వైపు చెయ్యి చూపింది. మరి పేరు పెట్టి పిలవొచ్చు కదా అంటే ఆమె తల ఇంకా దిగింది.

సంతోషమ్మ అందుకుంది. "మొగుని పేరు యాడన్నా పలుకుతారా తల్లీ. మా హెన్రీ నన్ను పేరు పెట్టి పిలస్తాడా? అందుకే వాడు దగ్గుతాడు, ఈ పిల్ల ఇనుము కొడతాది. ఇనుముకైతే వరసలు లేవు గదా."

శివాని నివేదికను నాలుగు మడతలు పెట్టి, ఉమామహేశ్ కూర్చున్న పెట్టె పోవాల్సిన చోటికే పంపింది. ఆర్డరు రద్దు కాదని నాగలతకు చెప్పింది. నాగలత కొంగుతో ముఖం తుడుచుకుంది.

కానీ కల్చర్ మేనేజరు కదా, పాలసీ లేకుండా ఊపిరాడదు. సోమవారం నుంచి కొత్త రూలు పెడతానని, పెద్దా చిన్నా లేకుండా ప్రతివాళ్లూ ప్రతివాళ్లనీ అన్నా, అక్కా అనే పిలవాలని చెప్పి కలం తీసింది.

ఇంతవరకు ఏ మీటింగులోనూ నోరు విప్పని అయ్యన్న బండి దిగి చెయ్యి ఎత్తాడు.

"మేడం, సోమవారం నుంచి మా ఇంటిది నన్ను అన్నా అంటే, సాయంత్రం నేను యాడికి పోవాల?"

శివాని రాయబోయి ఆగింది. నవ్వు ఆపుకోలేక కలం మూసేసి, మీరే చెప్పండి, ఏం చేద్దాం అని అడిగింది. వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఫ్లోరంతా చేతులే.

ఉమామహేశ్ హెన్రీ భుజం మీద చెయ్యేసి, తృప్తిగా అన్నాడు: "సూసినావా అప్పా. ముఠా మొత్తం చేతులెత్తేసింది."