బర్నబాస్ మాస్టారి విశ్రాంతి

ఆ ఉదయం బర్నబాస్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం లోపల ఎవరితోనైనా సరే, నాలుగు ముక్కలు తెలుగులో మాట్లాడాలి. బాపట్ల పక్కన సముద్రపొడ్డున కూర్చుని ఇలాంటి కోరిక కోరవలసి వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

మాస్టారు తెనాలిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఏడాది కిందట భార్య సరోజమ్మ పోయింది. దిగులుతో మనిషి చిక్కిపోతున్నాడని చర్చివాళ్ళే చందాలు వేసుకుని ఆయన్ని ఈ రిసార్టుకు పంపారు. తొంభైల్లో ఆ తీరాన అలాంటివి కొత్త. "వారం రోజులు హాయిగా విశ్రాంతి తీసుకోండి మాస్టారూ" అని బస్సెక్కించారు.

విశ్రాంతికి లోటేమీ లేదు. పూల చొక్కాల బేరర్లు నవ్వుతారు, "గుడ్ మార్నింగ్ సార్" అంటారు, మాయమవుతారు. టిఫినుకు బొప్పాయి ముక్కలు, కాల్చిన రొట్టె. తాటాకు గొడుగుల కింద బొంబాయి జంటలు ఆయనకు ఒకసారి తల ఊపి మళ్ళీ పుస్తకాల్లోకి పోతారు. గోడకవతల జాలరిపల్లెలో ఆడవాళ్ళు చేపల దగ్గర పోట్లాడుకుంటుంటే మాస్టారు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తగువులో న్యాయం ఎవరిదో కూడా తేల్చేశాడు గాని, అడిగేవాళ్ళేరీ?

ముందుగా బేరరు చలపతిని పట్టుకున్నాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

చలపతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈపురుపాలెమండీ. తెలుగులో మాట్లాడితే మేనేజరు జీతం కోస్తాడండీ." వెంటనే గొంతు పెంచి, "ఎనీథింగ్ ఎల్స్ సార్?" అంటూ వెళ్ళిపోయాడు.

ఇక లాభం లేదని మాస్టారు ఫోను దగ్గరికి వెళ్ళి, తెనాలిలో చర్చి పక్కన మందులషాపు నడిపే జార్జికి చేశాడు.

"ఏంటండీ మాస్టారూ, బాగున్నారా?" జార్జి కొట్టు నిండా జనం. ఫోను భుజానికి ఆనించుకుని మాత్రలు కత్తిరిస్తున్నాడు.

"ఏం బాగులే జార్జీ! తిండి సయించడం లేదు. నిన్నటి నుంచి నోట మాటే లేదు. సరోజ ఉంటే ఇట్లా ఉండేదా?"

"రేపు చేయండి మాస్టారూ, కొట్లో జనం ఉన్నారు."

ఫోను పెట్టేయడానికి మనసొప్పక మాస్టారు, "సరే నాయనా, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అన్నాడు.

చర్చివాళ్ళు ఉత్తరం చివర్నా ఫోను చివర్నా మామూలుగా అనే మాటే అది. కాని సంఘపెద్దగా ఇన్నేళ్ళూ ఊరందరి కోసం ప్రార్థన చేసిన మాస్టారు, తన కోసం చేయమని ఎవరినీ అడిగి ఎరుగడు. జార్జి చేతిలో కత్తెర ఆగిపోయింది. కొట్టు షట్టరు దించి, స్త్రీల సమాజం అధ్యక్షురాలు రిబ్కమ్మ ఇంటికి పరుగెత్తాడు.

"మాట తడబడిందా?" అంది రిబ్కమ్మ.

"ఏమో అత్తయ్యా, చివర్లో కాస్త వణికిందండి."

ఆ రోజు శుక్రవారం, ఉపవాస ప్రార్థన. రిబ్కమ్మ లేచి మాస్టారికి పక్షవాతమని చెప్పింది. పాస్టరు గారు కంగారుపడి రిసార్టుకు ఫోను చేయించారు. గెస్టుల సంగతులు బయటివాళ్ళకు చెప్పడం కుదరదని అవతల నుంచి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. ఆఖరి ఘడియలో పెద్దాసుపత్రులవాళ్ళూ ఇలాగే దాటేస్తారని వెనక బెంచీలో ఎవరో అన్నారు. కబురు రేపల్లెలో ఉన్న సరోజమ్మ అక్క మాణిక్యమ్మకు చేరేసరికి మాస్టారు పరలోకం చేరిపోయాడు.

మర్నాడు తెల్లారేసరికి లారీ సిద్ధం. పాస్టరు గారు, పాటల బృందం, స్త్రీల సమాజం, పులిహోర బుట్టలు, మొదటి బస్సుకు వచ్చి కలిసిన మాణిక్యమ్మ. బాపట్లలో దొరుకుతుందో లేదోనని శవపెట్టె కూడా తెనాలిలోనే చేయించారు. కొలతలు మాస్టారి దర్జీ ఇచ్చాడు, కాస్త లూజు పెట్టమన్న సలహాతో సహా.

గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు. మాణిక్యమ్మ అక్కడే ఇసుకలో చతికిలబడి శోకం ఎత్తుకుంది. జాలరిపల్లె ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి చుట్టూ మూగారు.

లోపల మాస్టారు బొప్పాయి ముక్కతో కుస్తీ పడుతున్నాడు. పంచెలు ఉతకడానికి పట్టుకెళ్ళడంతో, హోటలువాళ్ళు ఇచ్చిన పూల చొక్కా, ఆకు టోపీతో ఉన్నాడు. ఉన్నట్టుండి చెవిన తెలుగు పడింది. గొంతెత్తిన తెలుగు, దీర్ఘాలు తీసే తెలుగు! ముక్క అక్కడే వదిలేసి గేటు దాటి గుంపు వెనక నిలబడ్డాడు.

"పప్పులో ఉప్పు లేకపోయినా ఇదేంటని అనలేదు కదయ్యో! మా చెల్లిని పల్లెత్తు మాట అనలేదు కదయ్యో!"

ఎంత మంచివాడో పాపం, అనుకున్నాడు మాస్టారు. కళ్ళు చెమర్చాయి. ఇంత తనివితీరా ఏడ్చే మనుషులున్నందుకు ఆ పోయినవాడి మీద రవ్వంత అసూయ కూడా కలిగింది. కొంగుతో మొహం కప్పుకుని ముందు నిలబడ్డావిణ్ణి అడిగాడు.

"ఎవరమ్మా పోయింది?"

"మా మాస్టారండీ. బర్నబాస్ గారు."

"అయ్యయ్యో! ఎప్పుడు?"

అన్నాక గాని ఆ పేరు తనదేనని తట్టలేదు. కొంగు తీసి చూసిన రిబ్కమ్మ కెవ్వుమంది. మాణిక్యమ్మ శోకం మధ్యలో ఆపి, ఆయన్ని కిందికీ మీదికీ చూసి, "మరిదిగారూ, ఏంటా చొక్కా?" అంది.

ఏడ్చినవాళ్ళే నవ్వారు. ఇంత దూరం వచ్చాం గదా అని పాస్టరు గారు స్తోత్రగీతం ఎత్తుకున్నారు. పులిహోర బుట్టలు విప్పారు. చలపతి జీతం సంగతి మరిచి ఆకు పట్టుకుని కూర్చున్నాడు. బొంబాయి జంటలు ఫోటోలు తీసుకున్నారు. మండిపడుతూ వచ్చిన మేనేజరు అది చూసి చల్లబడి, ప్రతి శనివారం ఇలా రాగలరా అని అడిగాడు. వచ్చేటప్పుడు ఆ పెట్టె కూడా తెమ్మన్నాడు.

"మిగతా రోజులు ఉండి రండి మాస్టారూ" అన్నాడు జార్జి.

"ఉండను." అన్నాడు మాస్టారు. "ఇంట్లోనూ ఇంతే జార్జీ. సరోజ పోయాక పలకరించే మనిషి లేడు. విశ్రాంతి ఎక్కువయ్యే కదయ్యా నాకీ జబ్బు! మీరు మళ్ళీ విశ్రాంతికే పంపారు."

రిబ్కమ్మ వెళ్ళి ఆయన సంచీ తెచ్చి లారీలో పడేసింది. చోటు లేక మాస్టారు శవపెట్టె మీదే కూర్చున్నాడు. పొన్నూరు దాటేదాకా అందరూ వంతులవారీగా ఆయన్ని తిట్టారు. ఎవరైనా ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "ఊఁ, తర్వాత?" అని ఆయనే అందించాడు.