మంత్రిగారు చూసొచ్చిన పాతబస్తీ

చైనాలో ఒక నగరంవారు బాగుచేసి నిలబెట్టిన పాతబస్తీని నలభై నిమిషాల్లో సమగ్రంగా అధ్యయనం చేసిన మా పక్క రాష్ట్ర వారసత్వ శాఖామాత్యులు గంగాప్రసాద్ గారు, తిరుగు ప్రయాణంలో ఒమన్‌లో దిగి, ఇబ్రాలోని తెలుగు కార్మికులకు ఆ జ్ఞానాన్ని పంచిపెడతారని ప్రకటన వెలువడింది. కార్మికుల సౌకర్యార్థం శుక్రవారం సెలవు రద్దయింది.

నా పేరు బాషా, మాది కడప. ఇక్కడ కంపెనీ వ్యాన్ నడుపుతాను. మంత్రిగారిని మస్కట్ నుంచి తెచ్చే భాగ్యం నాకే దక్కింది. దారిలో టీకి ఆగినప్పుడు ఆయన ఫోన్లో చైనా ఫోటోలు చూపించారు. ఇరవై ఆరు ఫోటోలు. ఇరవై ఆరింటిలోనూ ఆయనే.

“సార్ భుజం వెనక ఇటుక చూసినవా? నాలుగొందల ఏండ్లది,” అన్నాడు ఆయన వెంట ఉన్న పీఏ.

“సారు రవ్వంత పక్కకు జరిగింటే ఇంకో రెండొందల ఏండ్లు కనపడుండేవి,” అన్నాను భక్తిగా.

ఇబ్రా పాతపేటలో మట్టి ఇళ్లను మా కంపెనీ మరమ్మతు చేస్తోంది. ఆ పనికి పెద్దమేస్త్రీ దేవదాసు. మంత్రిగారు నేరుగా వెళ్లి ఒక గోడ మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నారు.

“ఎన్ని వందల ఏండ్ల చరిత్ర చూసిందో ఈ గోడ!”

“నిన్న పొద్దుగాల పూసిన సార్,” అన్నాడు దేవదాసు. “పచ్చిగున్నది, చెయ్యి తియ్యుండ్రి.”

చెయ్యి తీశారు. అయిదు వేళ్లూ చక్కగా పడ్డాయి. పీఏ ఫోటో తీశాడు.

తర్వాత ఉపన్యాసం. “చైనాల ఆ పాతబస్తీ మొత్తం తిరిగిన. ఏ ఇంట్ల చూసినా కాఫీ షాపే! అద్దమోలె ఉన్నది!”

“మరి ఆ ఇండ్లల్ల ఉండేటోళ్లు యాడున్నరు సార్?” దేవదాసు అడిగాడు.

“ఎవ్వరుండరు. గదే హెరిటేజ్ అంటే. మనుషులుంటే గోడలకు మేకులు కొడ్తరు, తీగె కట్టి బట్టలారేస్తరు. పాతదనం ఖరాబైతది.”

చప్పట్లు మోగాయి. సూపర్‌వైజర్ చూస్తున్నాడు మరి.

దేవదాసు చప్పట్లు కొట్టకుండా ముందుకొచ్చాడు. అతనిది మంత్రిగారి నియోజకవర్గమే. గడి బజారులో తాత కట్టిన డంగుసున్నం ఇల్లు. ముందరి గదిలో భార్య సంగీత బట్టలు కుడుతుంది, వెనక గదిలో పిల్లలు చదువుకుంటారు. రోడ్డు వెడల్పు కోసమని మున్సిపాలిటీవాళ్లు గోడకు ఎర్ర గీత గీసి పోయారు.

“ఆ ఇంట్లనే మా తాత నాకు సున్నం పని నేర్పిండు సార్. జర బచాయించుండ్రి.” అతను రెండు చేతులూ జోడించాడు.

మంత్రిగారు చలించిపోయారు. చలించడం సరిగా రికార్డు కాలేదని పీఏ అంటే మరోసారి చలించారు. “ఇది రోడ్డుకు పోవద్దు. ఇది మన వారసత్వం. ఇంటి నంబర్ రాసుకో!”

దేవదాసు ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. ఆ సాయంత్రం రూమ్‌లో అందరికీ బిర్యానీ వండిపెట్టాడు.

నెల తిరక్కుండానే మంత్రిగారు మాట నిలబెట్టుకున్నారు. గడి బజారును చారిత్రక పేటగా ప్రకటించారు. పేపర్లో ఆ వార్త వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, సైట్‌లో అన్నం తింటుండగా సంగీత ఫోన్ చేసింది. దేవదాసు చేతికి అన్నం అంటి ఉండటంతో నన్ను స్పీకర్ పెట్టమన్నాడు.

“ఇల్లు కూలగొట్టిండ్రు. నీ పేరు అడుక్కుంట మొదలు మనింటికే వచ్చిండ్రు. నంబర్ మంత్రే రాసిచ్చిండంట.”

“రోడ్డుకు పోదన్నడు గదా!”

“రోడ్డుకు గాదు. అదే జాగల పాతిల్లు కడ్తరంట.”

“ఉన్నది పాతిల్లే గదా?”

“నేనూ గదే అడిగిన. అది సరిగ్గ పాతగ లేదంట. చైనా లెక్క పాతగ కడ్తరంట. కుట్టు మిషిను, పిల్లల్ని పట్టుకొని మా అక్క ఇంటికొచ్చిన.”

దేవదాసు అన్నం గిన్నె పక్కకు జరిపాడు. తర్వాత, “కట్టేదెవ్వరు?” అన్నాడు.

“చైనా మేస్త్రీలే వస్తున్నరంట. డంగుసున్నం పని మనోళ్లకు రాదంట.”

ఫోన్ కట్టయింది. తారిఖ్ అనే పాకిస్తానీ కూలీ, సంగతేమిటని నన్ను హిందీలో అడిగాడు. చెప్పాను; నా హిందీ బాగాలేదనుకుని మళ్లీ చెప్పమన్నాడు.

దేవదాసు సగం తిన్న అన్నం మూత పెట్టి, చెయ్యి కడుక్కుని నా పక్కన కూర్చున్నాడు.

“బాషా భాయ్,” అన్నాడు నెమ్మదిగా. “ఇక్కడికెల్లి చైనాకు పనికి పోవాల్నంటే ఎవర్ని అడగాలె?”