ఎల్డన్ తిరగెయ్యని పళ్లెం

ఆ ఆదివారం పొద్దున్నే ఎల్డన్ భార్యకు మాటిచ్చాడు, ఇంటింటివాళ్లూ వండి తెచ్చే చర్చి విందులో ఎవరి పళ్లెమూ తిరగేసి చూడనని. ఒహాయో నదిమీద ఒకప్పుడు తిరిగిన ప్రయాణికుల స్టీమర్ల పింగాణీ పోగుచెయ్యడం ఆయన పిచ్చి. పళ్లెం ఏ కాలానిదో అడుగునున్న ముద్రే చెబుతుంది గనక, ఎవరింట భోజనానికి కూర్చున్నా ముందు పళ్లెం తిరగేసేవాడు. పోయిన నెల పాస్టరుగారింట్లో గ్రేవీ వడ్డించిన సంగతి మరిచి మరీ తిరగేశాడు.

"ఇంకొక్కసారి ఆ పని చేశావో, నీ పింగాణీ దాచిన అద్దాల బీరువా ఖాళీచేసి చర్చి వేలానికిచ్చేస్తా," అంది భార్య వర్లీన్. ఆవిడ అన్నదంటే చేసి తీరుతుంది.

అడుగులు చూడకూడదు గనక ఎల్డన్ మొదటిసారి పళ్లేల పైభాగం చూశాడు. బల్ల చివర, బంగాళాదుంపల సలాడ్ కింద ఆకుపచ్చ అంచు, దానిమీద నీటిచక్రాల చిన్న పడవ బొమ్మ! 'పొమెరాయ్ రాణి' స్టీమరుది. ఆ సెట్టులో ఆయనకు లేని పెద్ద పళ్లెం అదొక్కటే. ఆ పడవ ఎప్పుడో తగలబడిపోయింది; పళ్లెం అంతకుముందుదైతే అసలుది, తర్వాతదైతే నకలు.

తిరగెయ్యనన్నాడు గాని, ఖాళీ అయ్యాక ఎత్తి చూడనని అనలేదుగా! నాలుగుసార్లు వడ్డించుకుని తిన్నాడు. పళ్లెం ఖాళీ కాబోతుండగా ట్రూడీ అనే పెద్దావిడ జాలిపడి మళ్లీ నింపింది. ఇంట్లో తిండి పెట్టడం లేదు కాబోలని ఆవిడ పక్కావిడతో అంది. ఆ మాట వంటగదికి చేరేసరికి వర్లీన్ మొగుణ్ణి ఇంట్లోంచి గెంటేసిందని అయింది. పాస్టరుగారు వచ్చి ఎల్డన్ భుజంమీద చెయ్యివేశాడు.

"బ్రదర్, కాపురమన్నాక ఇలాంటివి మామూలే."

ఎల్డన్‌కు ఓపిక నశించింది. పళ్లేన్ని తిరగెయ్యలేదు, తలమీదికెత్తాడంతే. సలాడంతా జారి పాస్టరుగారి కోటుమీద పడింది. పళ్లెం అడుగున, ఎవరిదో తెలియడానికి అందరూ అంటించుకునే పేరు పట్టీ ముద్రకు అడ్డొచ్చింది. చదవకుండానే దాన్ని పీకి పారేశాడు. ముద్ర అసలుదే!

"ఈ పళ్లెం ఎవరిది? ఏమడిగితే అదిస్తాను. అందరూ సాక్ష్యం," అన్నాడు.

"నాది," అంది వంటగది గుమ్మంలో నిలబడ్డ వర్లీన్. "మా అమ్మమ్మ ఆ పడవలో వంటచేసేది. దిగుతూ దిగుతూ ఎవరికీ చెప్పకుండా తెచ్చుకుంది. ముప్పయ్యేళ్లుగా నీకు సలాడ్ అందులోనే పెడుతున్నానయ్యా. ఊళ్లోవాళ్ల పళ్లేలన్నీ తిరగేశావు, మనింటిది ఒక్కనాడైనా చూశావా?"

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికానని ఎల్డన్‌కు అప్పుడు తెలిసింది. సిగ్గూ వేసింది, ఆశా చావలేదు.

"మరి... ఏం కావాలి నీకు?"

"బీరువా," అంది వర్లీన్, పాస్టరుగారి కోటు తుడుస్తూ.

శనివారం వేలంలో ఎల్డన్ పింగాణీ అంతా పోయింది. ఇప్పుడా ఇంట్లో స్టీమరు పళ్లెం ఒక్కటే ఉంది. దాని అడుగు చూడాలంటే ముందు పైనున్నది తినాలి.